సామ్సన్ కొన్న పొట్టి స్కోపు

మలేషియాలో బటాంగ్ బెర్జుంటై చుట్టుపక్కల చిన్న తోటలున్నవాళ్లకు అడవిపందుల బెడద ఎక్కువైనప్పుడు ముందుగా గుర్తొచ్చే పేరు సామ్సన్‌ది. రబ్బరు ఎస్టేటు కూలీల లైను ఇంట్లో పుట్టి, లారీలు తోలి, క్లాంగ్‌లో ఫ్యాక్టరీ ఫోర్మన్‌గా చేసి, ఆఖరికి ఊరి బయట కాస్త పామాయిలు తోట కొనుక్కుని స్థిరపడ్డ మనిషి. పంట కాపలా కోసమని పోలీసులిచ్చిన లైసెన్సు మీద ఆయన దగ్గర పన్నెండు బోరు తుపాకీ ఉండేది. తొందరపడి పేల్చడని, పేలిస్తే వృథా పోదని పేరు. ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల దగ్గర మగవాళ్లు ఆయన చుట్టూ చేరేది ఆ వేట కబుర్ల కోసమే.

అలాంటి మనిషికి ఆ ఏడాది రెండుసార్లు గురి తప్పింది. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి గుండు ఒక పెద్ద మగపంది భుజాన్ని రాసుకుంటూ పోయింది. కోరలు పైకి మెలితిరిగిన ముదురు జంతువది. చావలేదు, దూరంగా పారిపోనూ లేదు. కాలువ గట్టున పొదల్లో మాటు వేసి, మనిషి అలికిడైతే చాలు మీదికి రావడం మొదలుపెట్టింది. కొద్ది రోజులకే, పామాయిలు చెట్ల కింద రాలిన పళ్లు ఏరుకుంటున్న ఊరావిడ రాసమ్మ తొడను కోరతో చీల్చేసింది. ఆవిడ ప్రాణం దక్కింది గానీ ఆస్పత్రి మంచం దిగలేకపోయింది. సామ్సన్ చూడ్డానికి వెళ్తే రాసమ్మ ఆయన్ని ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆ సాయంత్రమే క్లాంగ్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాడు.

"నా సెయ్యి తిన్నగానే ఉన్నాది, సెల్లీ. తుపాకీ కొసన గురి సూసే పూసే సరిగ్గా దొరకడం నేదు. స్కోపు పెట్టించాల. అద్దాల సంగతి నీకు తెలుసును గదా. నువ్వు వచ్చి ఒకటి ఏరి పెట్టు."

ఎవెలిన్ ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. లిటిల్ ఇండియా వీధిలో కళ్లజోళ్ల కొట్టులో చాలా ఏళ్లుగా పని చేస్తోంది. డాక్టరు కాదు. మిషన్ల ముందు మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షలు తీస్తుంది, ఎవరికి ఏ అద్దం సరిపోతుందో చూస్తుంది. తుపాకీ అంటే ఆమెకు చిన్నప్పట్నుంచీ భయమే. కానీ అన్న ఎప్పుడూ ఏదీ అడగడు. అందుకని సెలవు పెట్టి వెళ్లింది.

తుపాకీల కొట్టు పాతబజారు వెనక సందులో ఉంది. కొట్టు యజమాని, ముసలి చైనా టౌకే, లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూసి గానీ అద్దాల అల్మారా తాళం తీయలేదు. మూడు స్కోపులు తెచ్చి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు. ఒకటి మూరెడు పొడవుంది. సామ్సన్ చెయ్యి నేరుగా దాని మీదికి పోయింది.

"అది మైదానాల్లో దూరం కొట్టేవాళ్లకి," అన్నాడు టౌకే మలాయిలో. "మీ పామాయిలు చెట్ల మధ్య పంది కనబడిందంటే మీ ముంగిట్లో ఉన్నట్టేగా. దీంట్లోంచి చూస్తే దాని వెంట్రుకలు కనిపిస్తాయి. అది పందో, దాని తలో తోకో తేల్చుకునేలోపల మీద పడుతుంది."

రెండోది నడిమి రకం. ఎవెలిన్ దాన్ని కంటికి పెట్టి చూసి వెంటనే దించేసింది. కన్ను అద్దానికి మరీ దగ్గరగా పెడితే తప్ప బొమ్మ నిండుగా రావడం లేదు.

"దీన్ని తుపాకీ మీద పెడితే, అది తన్నినప్పుడు అంచు కనుబొమ్మకి తగల్దా?" అని టౌకేను అడిగింది.

టౌకే నవ్వి తన నుదుటి మీది పాత గాటు చూపించాడు.

మూడోది జానెడే ఉంది. లావు తక్కువ, బరువు తక్కువ. తుపాకీ మీద బిగించినా తూకం చెడదు, తీగలకీ మట్టలకీ తట్టుకోదు. అద్దానికీ కంటికీ మధ్య బెత్తెడు ఎడమున్నా బొమ్మ నిండుగా కనిపిస్తోంది. దాని మెడ మీది రింగును ఒక చివరికి తిప్పితే వస్తువు ఉన్నంతే కనిపిస్తుంది, రెండో చివరికి తిప్పితే నాలుగు రెట్లవుతుంది.

"కింది అంకె మీద పెట్టి, రెండు కళ్లూ తెరిచి చూడమ్మా," అన్నాడు టౌకే.

ఎవెలిన్ వెనక గోడ మీది కేలండరు వైపు పెట్టి చూసింది. గొట్టం ఎటు పోయిందో తెలీదు. సన్నటి నల్ల సున్నా ఒకటి గాల్లో తేలుతున్నట్టుంది. సున్నా లోపల కేలండరు, సున్నా బయట టౌకే పెట్టిన అగరొత్తులు, తిరిగే ఫ్యాను, గుమ్మంలో పడుకున్న పిల్లి, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. గురి ఒకచోట ఉన్నా చుట్టూ ప్రపంచం తప్పిపోవడం లేదు. అన్నకి ఇదే కావాలని ఆమెకు అనిపించింది.

"ఇది సూడన్నా. సున్నా బయట కూడా అంతా ఎలా కనపడతాదో."

సామ్సన్ చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగున్నాది. లోపల తేటగా ఉన్నాది."

"బయట?"

"బయట ఏటుంటాది?"

ఎడమ కన్ను మూసుకున్నాడేమో అనుకుని ఆమె పక్కకి వంగి చూసింది. రెండు కళ్లూ బాగా తెరిచే ఉన్నాయి. చెవికి కాస్త ముందుగా చెయ్యి పెట్టి వేళ్లు ఆడించింది. ఆయన రెప్ప కూడా కదల్లేదు. చెయ్యి ముందుకు తెచ్చింది. ఇంకా ముందుకు తెచ్చింది. దాదాపు గొట్టం పక్కకు వచ్చాక, "ఏటిది, సెయ్యి అడ్డం తియ్యి," అన్నాడు.

ఎవెలిన్ చెయ్యి దించేసింది.

అంతలో సామ్సన్ కుడివైపుకి తిరగబోయి టౌకే చేతిలోని మరల పెట్టెను గుద్దేశాడు. మరలు నేలంతా దొర్లాయి.

"ఎక్కణ్ణుంచి వచ్చినాడీయన?" అన్నాడు సామ్సన్ కంగారుగా.

టౌకే ఎక్కణ్ణుంచీ రాలేదు. ఇందాకట్నుంచీ ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు.

వంగి మరలు ఏరుతుంటే ఆమెకు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. కారు ఎడమ తలుపు మీద కొత్తగా పడ్డ గీతలు. ఈస్టరుకి ఇంటికొచ్చినప్పుడు రెండుసార్లు దొర్లించిన టీ గ్లాసు. చర్చిలో బల్లల మధ్య ఎవరి కాళ్లో తొక్కి, "సూసుకోనేదు లా," అని మలాయివాళ్లలా "లా" తగిలించి నవ్వేయడం. ఆ వెనకాల నాన్న గుర్తొచ్చాడు. ఆఖరి రోజుల్లో ఎస్టేటు ఇంటి గోడలు తడుముకుంటూ నడిచేవాడు. ముసలితనం అని అందరూ సరిపెట్టుకున్నారు. అప్పటికి ఆయన అంత ముసలివాడేం కాదు.

టౌకే ముందు ఆమె ఏమీ అనలేదు. సామ్సన్ ఆ పొట్టి స్కోపే కొన్నాడు. టౌకే దాన్ని తుపాకీకి బిగించి, పెట్టెలో పెట్టి తాళం వేసి ఇచ్చాడు.

"తాళాలు నాకియ్యన్నా, నేను తోల్తాను," అంది కారు దగ్గర.

"నా కారు నాను తోలలేనేటి?"

ఇంటికెళ్లే కాపర్ దారి మీద కూడలి దగ్గర ఎడమ పక్కనుంచి ఒక మోటారుసైకిలు వచ్చింది. ఆమెకు అది ఎంతో ముందు నుంచే కనిపిస్తోంది. అన్న వేగం తగ్గిస్తాడని చూసింది. తగ్గించలేదు.

"అన్నా, ఆపు."

గొంతులో ఏముందో, ఆయన కాలు వెంటనే బ్రేకు మీద పడింది. మోటారుసైకిలు బానెట్టును రాసుకున్నంత దగ్గరగా దాటిపోయింది. దాని మీది కుర్రవాడు వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లాడు. వెనకనున్న లారీ హారన్ మోగిస్తూనే ఉంది.

ఎవెలిన్ కారును పక్కకు ఆపించి చెప్పింది. ఎదురుగా ఉన్నది ఆయనకు బాగానే కనిపిస్తుంది. అక్షరాల పట్టిక పెడితే ఆఖరి వరుస దాకా చదువుతాడు. పోయింది పక్కచూపు. కొద్దికొద్దిగా పోతే మనిషికి తెలీదు. చీకటి కూడా కనిపించదు, అక్కడ ఏమీ లేదన్నట్టు ఉంటుంది అంతే. గ్లకోమా అంటారు, మన పెద్దవాళ్లు నీటికాసులన్న జబ్బు అదే. నాన్నది కూడా అదే అయ్యుండాలి. రేపే తన కొట్టుకొచ్చి మిషన్ ముందు కూర్చుంటే తేలిపోతుంది.

సామ్సన్ స్టీరింగు పట్టుకుని విన్నాడు.

"శనివారం పొద్దున్న వేట ఉన్నాది," అన్నాడు. "మా వేట జట్టు పెద్ద గోవిందసామి పర్మిట్టు కూడా తెచ్చినాడు. అది అయినాక వత్తాను."

"నువ్వు ఆ తుపాకీ పట్టుకోకూడదన్నా."

"ఆ పందిని దెబ్బకొట్టి వదిలినవోణ్ణి నాను. రాసమ్మ తొడ సీల్సింది నా పంది. ఇంకోలు వచ్చి దాన్ని సంపితే, నాను ఊళ్లో మొకం ఎలా ఎత్తుకుంటాను?"

"మరి పందికి బదులు మనిషి పడితే?"

ఇంటికి చేరాక వదిన మార్గరెట్ కూడా బతిమాలింది. గోవిందసామికి తానే ఫోన్ చేసి చెబుతానని ఎవెలిన్ బెదిరించింది. అప్పుడు సామ్సన్ కుర్చీలో కూర్చుని ఒక మాట చెప్పాడు. వరుసలో ఆఖరి చోటు తను తీసుకుంటాడు. అక్కడ కుడిపక్క కాలువే గానీ మనుషులుండరు. ఎడమపక్క, మిగతావాళ్లకి అడ్డంగా, ఎత్తు మట్టిదిబ్బ ఉంటుంది. పంది ఎదురుగా చెట్ల సందులోంచి వస్తే కాలుస్తాడు, లేకపోతే లేదు.

"నువ్వు నా పక్కన నిలబడు. ఆపమంటే ఆపేత్తాను. ఇదొక్కటే, సెల్లీ. తరవాత తుపాకీ నువ్వు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను."

ఒప్పుకోకూడదని ఎవెలిన్‌కు తెలుసు. కానీ ఆయన మొహం చూస్తే కాదనలేకపోయింది. అప్పటికీ గోవిందసామికి ఫోన్ చేసి, ఆ కాలువ వైపు ఎవరినీ రానివ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పింది. ఎందుకని అతను అడిగితే, అన్న కళ్లు కాస్త బాగాలేవంది. పూర్తిగా చెప్పలేదు.

శనివారం తెల్లగా వెలుగొచ్చాక అందరూ తోట మొదట్లో చేరారు. గోవిందసామి పెద్ద. ఎవరెక్కడ నిలబడాలో, తుపాకీ ఏ వైపుకి తిప్పకూడదో మనిషి మనిషికీ చూపించాడు. అందరికీ ముదురు నారింజ రంగు చొక్కాలు. కుక్కలు కుగన్‌వి. ముప్పై ఏళ్ల మనిషి, కొత్తగా పెళ్లైనవాడు. కుక్కల్ని అవతలి కొసనుంచి పొదల్లోకి వదలడం అతని పని. కాలువ దాటి ఇటు రాకూడదని గోవిందసామి అతనికి రెండుసార్లు చెప్పాడు.

సామ్సన్ ఆఖరి చెట్టు వెనక నిలబడ్డాడు. ఎవెలిన్ ఆయన కుడి భుజానికి కాస్త వెనగ్గా నిలబడింది. రాత్రి వానకి నేల మెత్తగా ఉంది. రాలి కుళ్లిన పళ్ల వాసన. దోమలు చెవుల్లో రొద పెడుతుంటే తోలుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు. దూరంగా కుక్కల అరుపులు మొదలయ్యాయి. ఒక పక్కకి పోయాయి, ఆగిపోయాయి. మళ్లీ ఇటు తిరిగాయి.

"వత్తన్నాది," అన్నాడు సామ్సన్ ఊపిరితోనే.

ముందు మట్టల చప్పుడు వినిపించింది. తరవాత పంది సందులోకి వచ్చి నిలబడింది. ఎవెలిన్ అంత పెద్దదాన్ని ఎప్పుడూ చూడలేదు. వీపు మీద జూలు నిక్కబొడుచుకుంది, భుజం మీది పుండు చుట్టూ ఈగలు. సామ్సన్ తుపాకీ ఎత్తాడు. చెయ్యి నిజంగానే తిన్నగా ఉంది. పొట్టి స్కోపు కంటికి ఎదురుగా కుదురుకుంది. వేలు మీట మీదికి వెళ్లింది.

అప్పుడు ఒక కుక్క అడ్డంగా వచ్చింది. పంది దాన్ని కోరతో ఎత్తి విసిరేసి, కుడివైపుకి, కాలువ వెంబడి పరుగు తీసింది. సామ్సన్ తుపాకీ దానితోపాటే మెల్లిగా కుడికి తిరుగుతోంది.

ఎవెలిన్ కాలువ వైపు చూసింది. నారింజ చొక్కా ఒకటి గట్టెక్కుతోంది. కుక్క ఏడుపు విని కుగన్ అన్నీ మర్చిపోయి నడుం లోతు నీళ్లలోంచి ఇవతలికి వచ్చేశాడు. దెబ్బతిన్న కుక్క వైపే చూస్తూ పరిగెడుతున్నాడు. అతనికి పందీ తెలీదు, తుపాకీ తెలీదు. ఇంకో రెప్పపాటులో పందీ కుగనూ ఒకే గీత మీదికి వస్తారు. అన్న మొహంలో ఏ మార్పూ లేదు. ఆయన ప్రపంచంలో ఆ సున్నా, సున్నాలో పందీ తప్ప ఇంకేమీ లేవు.

"ఆపన్నా. మనిషి."

మాట కన్నా ముందే ఆమె చెయ్యి ఆయన మోచేతి కింద పడి పైకి నెట్టింది. తుపాకీ పేలింది. గుండు పామాయిలు మట్టల్ని కోసుకుంటూ ఆకాశంలోకి పోయింది. ఆకుల ముక్కలు ఇద్దరి మీదా రాలాయి. పంది కాలువలో దూకి అవతలి పొదల్లో కలిసిపోయింది.

"ఏటి సేసినావు?" సామ్సన్ ఆమె వైపు తిరిగాడు. "నా సేతిలో ఉన్నాదది. సంపేద్దును."

"కుగన్ ఉన్నాడన్నా."

"ఎక్కడ?"

"అదిగో."

ఆయన కాస్త తల తిప్పాడు. "ఎక్కడ?"

"ఇక్కడే ఉన్నాను అంకుల్," అన్నాడు కుగన్ తమిళంలో. గట్టు మీద మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. పలకరిస్తే అందేటంత దగ్గర.

సామ్సన్ మాట వచ్చిన వైపుకి తల తిప్పాడు. ఇంకా తిప్పాడు. అంత ముదురు రంగు చొక్కా ఆయన చూపులో పడ్డానికి ఒళ్లంతా తిరగాల్సొచ్చింది. కనబడ్డాక మాత్రం కళ్లు తీయలేకపోయాడు. కుగన్‌ను అలా చూస్తూనే తుపాకీలో మిగిలిన తూటాలు ఒక్కొక్కటీ తీసి నేల మీద పెట్టాడు.

గోవిందసామీ మిగతావాళ్లూ పరిగెత్తుకొచ్చారు. అందరూ ఒకేసారి మాట్లాడారు. కాలువ ఎందుకు దాటావని కుగన్‌ను ఒకరు తిడుతుంటే, సామ్సన్ చెయ్యెత్తి ఆపాడు.

"ఆణ్ణి అనకండి. ఆడు నా ముందరే ఉన్నాడు. నాకు కనపడ్డం నేదు. సానా రోజులుగా కనపడ్డం నేదు."

గోవిందసామి ఎవెలిన్ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో అడగాల్సినదంతా ఉంది, ఆమె తల దించుకుంది. తరవాత అతను ఖాళీ తుపాకీని తన చేతిలోకి తీసుకుని, "పద అన్నే," అన్నాడు.

కుగన్ కుక్కను భుజాన వేసుకుని ముందు నడిచాడు. అది బతికింది, తరవాత కుంటుతూ తిరిగేది. సామ్సన్ కారులో పక్క సీట్లో కూర్చుని తాళాలు చెల్లెలి ఒళ్లో పెట్టాడు. ఆ రోజు తరవాత ఆయన కారు తోలలేదు.

మిషన్ పరీక్షలో ఆమె అనుకున్నదాని కన్నా ఎక్కువే పోయిందని తేలింది. పెద్దాస్పత్రి డాక్టరు డొంకతిరుగుడు లేకుండా చెప్పింది. పోయింది తిరిగి రాదు, చుక్కలమందు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలబడొచ్చు. సామ్సన్ ఒకే ప్రశ్న అడిగాడు.

"నా సెల్లికి కూడా వత్తాదా?"

"వంశంలో ఉంటే అందరూ చూపించుకోవాలి," అంది డాక్టరు.

ఎవెలిన్ ఇన్నేళ్లలో ఎంతమందినో ఆ మిషన్ ముందు కూర్చోబెట్టింది. తను ఒక్కసారీ కూర్చోలేదు. తన కొట్టులోనే, తనతో పనిచేసే శర్మిళ ఆమె గడ్డాన్ని సరిగ్గా ఆనించి, చేతికి మీట ఇచ్చింది. తెల్లటి గిన్నెలాంటి గోడ మీద చిన్నచిన్న వెలుతుర్లు మెరుస్తాయి, కనిపించినప్పుడల్లా నొక్కాలి. ఆ కాసేపూ ఆమెకు కాలువ గట్టు మీద కన్నా ఎక్కువ భయం వేసింది. వెలుతురు రానప్పుడు నిజంగా రాలేదా, వచ్చినా తనకే కనిపించలేదా? శర్మిళ మొహం చదవాలని చూసింది గానీ గదిలో వెలుతురు చాలక తెలీలేదు. బయట బల్ల మీద సామ్సన్ కూర్చుని ఉన్నాడు. ఈసారి కాపలా ఆయనది.

ఆమెకు ఎడమ కంట్లో, ముక్కువైపు అంచున, చూపు కాస్త పోయింది. మొదట్లోనే దొరికిందని డాక్టరు సంతోషించింది. ఆ మాట విన్నాక ఎవెలిన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. సామ్సన్ పక్కన నిలబడ్డాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టి ఉండిపోయాడు.

పందిని ఆ నెలలోనే కువాలా సెలంగోర్ వైపు నుంచి వచ్చిన వేటగాళ్లు చంపారు. కబురు చెప్పడానికి గోవిందసామి ఇబ్బంది పడుతూ వచ్చాడు. సామ్సన్ విని, "మంచి పని అయినాది," అని లోపలికెళ్లి కాఫీ పెట్టమన్నాడు. ఆ కాఫీ తాగేలోపలే పొట్టి స్కోపును గోవిందసామి చేతిలో పెట్టాడు. తుపాకీని అంతకు ముందే పోలీసు స్టేషనులో అప్పగించాడు, లైసెన్సు కాగితంతో సహా. ఎవరూ అడక్కముందే తనే వెళ్లాడు.

రాసమ్మ ఆస్పత్రి నుంచి వచ్చాక సామ్సన్ ఆవిడ ఇంటికి వెళ్లాడు. ఎవెలిన్ తీసుకెళ్లింది. రాసమ్మ వాకిట్లో, గోడ పక్కన కుర్చీలో కాలు చాపుకుని కూర్చుంది. పందిని దెబ్బకొట్టి వదిలింది తనేనని ఆయన మొదలుపెట్టాడు.

"తెలుసును," అంది రాసమ్మ. "కళ్ల సంగతి కుగన్ సెప్పినాడు. ఇప్పుడు నాను కనపడతన్నానా?"

ఆయన తల ఇటూ అటూ తిప్పాడు. ఆవిడ పక్కగా గోడకి చేరబడి ఉంది, ఆయన చూపుకు దొరకలేదు. రాసమ్మ లేవలేక, కుర్చీని నేల మీద ఈడ్చుకుంటూ ఆయనకి ఎదురుగా జరిగింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు కనపడతన్నావు," అన్నాడు సామ్సన్, ఆవిడ కాలి మీది కట్టు వైపు చూస్తూ.

లోపల్నించి ఎవరో టీ తెచ్చారు. ఎవెలిన్ గ్లాసు అందుకుని అన్న చేతిలో పెట్టింది.